ఇరవై ఏళ్లు చూసే సర్జన్ కావాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అవసరమైతే ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న ఒక్కటే: 'ఎవరి హస్తవాసి మంచిది?' కాన్పుకైనా, కంటి శుక్లానికైనా, పిత్తాశయంలో రాళ్లకైనా మనకు అదే కొలత. ఇప్పుడు బరువు తగ్గించే ఆపరేషన్లకూ అదే కొలత పట్టుకుని సర్జన్‌ను వెతుకుతున్నాం. ఆ ఆపరేషన్లలో అన్నిటికన్నా కఠినమైనది, అన్నిటికన్నా ఎక్కువకాలం కనిపెట్టుకుని ఉండాల్సింది డుయోడెనల్ స్విచ్. దానికి ఈ కొలత చాలదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను డాక్టర్ను కాను. ఫార్మసీ చదువుకుని ప్రొద్దుటూరులో మందుల షాపు నడుపుతున్నవాణ్ణి. పుట్టి పెరిగింది జమ్మలమడుగులో. చెల్లెల్ని ఇచ్చింది పులివెందుల దగ్గర చీనీ, అరటి తోటలున్న ఇంటికి. ఆమె కొడుక్కి ముప్పై నాలుగేళ్లు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 150 కిలోలు. బరువును ఎత్తుతో పోల్చి చెప్పే బీఎంఐ లెక్కలో అది 52. చక్కెర, రక్తపోటు రెండూ ఉన్నాయి. రాత్రిళ్లు గురక మధ్యలో ఊపిరి ఆగిపోతుంటే వాడి భార్య లేచి తట్టి లేపుతూ ఉంటుంది. 'సంగటి తగ్గించు, అన్నం మానెయ్, పొద్దున్నే నడువు' అని చెప్పని బంధువు లేడు. వాడు అన్నీ చేశాడు. తగ్గాడు, మళ్లీ పెరిగాడు. ఇంత బరువు దాకా వచ్చిన మనిషిని తిండిపోతు అని ఎగతాళి చేయడం అన్యాయం. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. అందుకే నేను ఆపరేషన్‌కు వ్యతిరేకిని కాను.

ఒక పెద్ద ఊళ్లోని ఆసుపత్రిలో వాడికి డుయోడెనల్ స్విచ్ చేయాలన్నారు. ఆ సాయంత్రమే మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, నీకు డాక్టర్లు తెలుసు కదా. మంచి చెయ్యి ఎవరిదో నువ్వే చూడు. ఎంతైనా పెడతాం" అంది. ఆ మాటతో నేను చదవడం, నలుగురైదుగురు సర్జన్లను కలిసి మాట్లాడడం మొదలుపెట్టాను. మాకు తెలిసింది ఇంకో ఇంటికి పనికొస్తుందని నమ్ముతున్నాను.

ముందు ఆపరేషన్ ఏమిటో చూద్దాం. లైపోసక్షన్‌కూ దీనికీ సంబంధం లేదు. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం లైపోసక్షన్. అది ఒంటి ఆకారానికి చేసేది. డుయోడెనల్ స్విచ్‌లో రెండు పనులు జరుగుతాయి. మొదటిది, పొట్ట సంచిలో ఎక్కువ భాగాన్ని కోసి తీసేసి సన్నటి గొట్టంలా మిగల్చడం. దీన్నే విడిగా చేస్తే స్లీవ్ అంటారు. రెండోది, పేగుల దారి మార్చడం. పొట్ట నుంచి ఆహారం చిన్నపేగులోకి దిగే మొదటి భాగం ఆంత్రమూలం. దాన్ని అక్కడే తెంచి, ఆహారాన్ని చిన్నపేగు కింది భాగానికి కలుపుతారు. పైత్యరసం, క్లోమరసం వేరే దారిలో వచ్చి చివర్లో కలుస్తాయి. దాదాపు ఆరు మీటర్ల చిన్నపేగులో తిండీ జీర్ణరసాలూ కలిసి ప్రయాణించేది చివరి ఒక మీటరు మాత్రమే. తిన్న కొవ్వులో చాలా భాగం ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. కొవ్వుతోపాటే కొన్ని విటమిన్లు, ఖనిజాలు, మాంసకృత్తులు కూడా పోతాయి. బరువు దిగేదీ, కష్టాలు వచ్చేదీ ఎక్కువగా ఈ ఏర్పాటు వల్లనే.

దీని మూలం ఇటలీలో ఉంది. జెనోవాలో నికోలా స్కోపినారో 1976లో పేగుల దారి మార్చే పద్ధతి మొదలుపెట్టాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి చెందిన డగ్లస్ హెస్ 1988లో దాన్ని ఇప్పటి డుయోడెనల్ స్విచ్ రూపానికి తెచ్చాడు. 1999లో మిషెల్ గాన్యే న్యూయార్కులో లాప్రోస్కోపీ ద్వారా, అంటే చిన్న రంధ్రాల నుంచే చేసి చూపించాడు. 2007లో మాడ్రిడ్ సర్జన్లు పేగును రెండు చోట్ల కలిపే బదులు ఒక్కచోటే కలిపే పద్ధతి తెచ్చారు. దాన్ని సాడీ అంటారు. మన దగ్గర కొందరు సర్జన్లు 'స్విచ్' అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఈ సాడీయే కావచ్చు. రెండింటికీ తేడా ఉంది కాబట్టి ఏది చేస్తారో మొదటి మాటలోనే తేల్చుకోవాలి.

ఫలితం గురించి దాపరికం అక్కర్లేదు. బరువు దించడంలో దీన్ని మించిన ఆపరేషన్ లేదు. బీఎంఐ 50, 60 మధ్య ఉన్న 60 మందిని నార్వే, స్వీడన్ వైద్యులు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో రకం బరువు ఆపరేషన్, ఇంకో గుంపుకు డుయోడెనల్ స్విచ్ చేసి ఐదేళ్లు చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం బైపాస్ వాళ్ల బీఎంఐ సగటున 13.6 తగ్గితే, స్విచ్ వాళ్లది 22.1 తగ్గింది. రోమ్‌లో చక్కెర రోగుల మీద జరిగిన మరో అధ్యయనంలో, పేగుల దారి మార్చే పాత పద్ధతి చేయించుకున్నవాళ్లలో సగం మందికి పదేళ్ల తర్వాత కూడా చక్కెర మందు అవసరం రాని స్థితి నిలిచింది. బైపాస్‌లో అది నాలుగో వంతు. అయితే నార్వే, స్వీడన్ అధ్యయనమే రెండో మాట కూడా చెప్పింది. స్విచ్ వాళ్లలో పోషకాహార లోపాలు, పేగుల సమస్యలు, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం ఎక్కువ. ఇంత బలమైన ఆపరేషన్ అయినా ప్రపంచం మొత్తంలో జరిగే బరువు తగ్గింపు ఆపరేషన్లలో దీని వాటా చాలా తక్కువగా ఉండడానికి కారణం అదే. చేయగలిగినవాళ్లు తక్కువ. చేశాక కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఇంకా తక్కువ.

ఇక హస్తవాసి సంగతి. దాన్ని నేను మూఢనమ్మకం అని కొట్టిపారేయను. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిని ఎరిగినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లని మా పెద్దలు చెప్పేవాళ్లు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి రాజకీయాల్లోకి రాకముందు అక్కడే డాక్టరుగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టారు. ఆ కాలపు డాక్టరు ఊళ్లోనే ఉండేవాడు. ఆయన ఆపరేషన్ చేసిన మనిషి మరుసటి నెల సంతలో కనిపించేవాడు, ఆ ఏడు తిరునాళ్లలో కనిపించేవాడు. కుట్లు మానకపోతే, మనిషి చనిపోతే అది కూడా ఊరందరికీ తెలిసేది. అంటే హస్తవాసి అనే మాట వెనక ఊరు దాచుకున్న లెక్క ఉంది. ఎవరు బాగుపడ్డారు, ఎవరు పడలేదు అన్నది పదుల ఏళ్లపాటు జనం కళ్లతో చూసి రాసుకున్న లెక్క అది.

ఇప్పుడు ఆ లెక్క తెగిపోయింది. పులివెందుల మనిషి ఆపరేషన్ కోసం బెంగళూరు పోతే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ప్రొద్దుటూరు నుంచి హైదరాబాదు మూడు వందలు దాటుతుంది. కొందరు చెన్నై, వేలూరు, తిరుపతి పోతారు. అక్కడ ఆ సర్జన్ ఈ ఏడాది ఎంతమందికి చేశాడో, వాళ్లలో ఎంతమంది మళ్లీ ఆసుపత్రిలో చేరారో మన వీధిలో ఎవరికీ తెలియదు. మనకు తెలిసేది హోర్డింగు మీద ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఫొటోలు, ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో, ఆరు నెలల కింద చేయించుకుని నలభై కిలోలు తగ్గిన ఒక దూరపు చుట్టం. ఆరు నెలలకు ఈ ఆపరేషన్‌లో అందరూ తగ్గుతారు. అసలు పరీక్ష ఆరో ఏట వస్తుంది. ఊరు చూసి పెట్టే లెక్క లేనప్పుడు ఆ లెక్కను సర్జన్ నుంచే అడిగి తీసుకోవాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది.

చేతికీ చేతికీ తేడా నిజంగానే ఉంటుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో జాన్ బర్క్‌మేయర్ బృందం దాన్ని కొలిచింది. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు తాము చేసిన గ్యాస్ట్రిక్ బైపాస్ వీడియో ఒక్కొక్కటి ఇచ్చారు. చేసింది ఎవరో తెలియకుండా తోటి సర్జన్లు వాటిని చూసి మార్కులు వేశారు. తర్వాత ఆ సర్జన్ల రోగుల రికార్డులు తీసి పోల్చారు. మార్కుల్లో అట్టడుగున ఉన్న నాలుగో వంతు సర్జన్ల రోగుల్లో నూటికి 14.5 మందికి ఇబ్బందులు వచ్చాయి. పైన ఉన్న నాలుగో వంతులో అది 5.2 మాత్రమే. మరణాలు కూడా అడుగు వర్గంలోనే ఎక్కువ. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఈ అధ్యయనం బైపాస్ మీద జరిగింది. డుయోడెనల్ స్విచ్ అంతకన్నా క్లిష్టం. మన పెద్దలు కంటితో పసిగట్టింది వీళ్లు అంకెల్లో నిలబెట్టారు. ఆ అంకె మన సర్జన్ల విషయంలో మనకు ఎందుకు అందకూడదు?

సర్జన్ ఒక్కడే చాలడు, ఆసుపత్రి కూడా సరిపోవాలి. 2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరికి చెందిన 26 ఏళ్ల యువకుడు బరువు తగ్గే ఆపరేషన్ కోసం చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ప్రభుత్వం విచారణ జరిపి, అత్యవసర పరిస్థితిని ఎదుర్కొనే ఏర్పాట్లు సరిగా లేవని ఆ ఆసుపత్రి అనుమతిని నిలిపివేసింది. 150 కిలోల మనిషికి మత్తు ఇవ్వడం వేరే విద్య. ఆ బరువు మోసే ఆపరేషన్ బల్ల, గురకతో ఊపిరి ఆగే జబ్బు ఎరిగిన మత్తు డాక్టరు, పక్కనే ఐసీయూ, రాత్రి రెండు గంటలకు కుట్టు లీకైందని తేలితే మళ్లీ కడుపు తెరవగల బృందం కావాలి. ఇవి లేనిచోట ఎంత నేర్పున్న చెయ్యయినా ఒంటరిదే.

ఆపరేషన్ రోజు గురించి ఇంత చెప్పాక అసలు విషయానికి వస్తాను. మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డవాడికి డాక్టరుకు కూడా కనిపించని ఒకటి కనిపిస్తుంది. మాత్రలు కొనడం ఎప్పుడు ఆగిపోయిందో మాకు తెలుస్తుంది. బరువు ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్లు మొదటి మూడు నెలలు చీటీలో ఉన్నవన్నీ కొంటారు. ఆరో నెలకు సగం కొంటారు. ఏడాది తిరిగేసరికి 'బాగానే ఉన్నానన్నా, ఇంక ఎందుకు' అంటారు. స్లీవ్ అయితే కొంతవరకు నెట్టుకురావచ్చు. డుయోడెనల్ స్విచ్‌లో ఆ మాట ప్రమాదం. ఎ విటమిన్ తగ్గితే రేచీకటి వస్తుంది. డి విటమిన్, కాల్షియం తగ్గితే ఎముకలు గుల్లబారతాయి. ఇనుము తగ్గి రక్తం పలచబడుతుంది. మాంసకృత్తులు చాలక కాళ్లు వాస్తాయి. ఇవేవీ మొదటి ఏడాదే అరిచి చెప్పవు, నెమ్మదిగా వస్తాయి. అందుకే మాత్రలూ రక్తపరీక్షలూ బతికున్నంతకాలం ఉండాలి.

మన షాపుల్లో ఏముందో కూడా చెబుతాను. ఈ ఆపరేషన్ తర్వాత కాల్షియం రోజుకు 1800 నుంచి 2400 మిల్లీగ్రాములు కావాలని మార్గదర్శకాలు చెబుతాయి, అది కూడా సిట్రేట్ రూపంలో అయితే మేలు. మా దగ్గర ఎక్కువగా పోయేది కార్బొనేట్. కొవ్వు ఒంటికి పట్టనివాళ్లకు నీటిలో కలిసే రకం ఎ, డి, ఇ, కె విటమిన్లు కావాలి. అవి అడిగితే తెప్పించాలి తప్ప అరలో ఉండవు. ఎ విటమిన్, జింకు, రాగి వంటి పరీక్షలకు రక్తం ఇక్కడ తీసి పెద్ద ఊళ్ల ల్యాబులకు పంపాలి. చక్కెర మాత్రల సంగతి ఇంకోటి. ఆపరేషన్ తర్వాత చక్కెర వేగంగా తగ్గుతుంది. పాత చీటీ పట్టుకుని పాత మోతాదే వేసుకుంటే చక్కెర పడిపోయి కళ్లు తిరిగి పడతారు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది వాంతుల విషయం. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు కొందరికి ఆగని వాంతులవుతాయి. పల్లెలో వెంటనే గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు, మనకు అలవాటైన వైద్యం అది. రోజుల తరబడి తిండి నిలవని మనిషిలో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. అలాగే రెండు, మూడేళ్ల తర్వాత ఒక రాత్రి హఠాత్తుగా కడుపునొప్పి వస్తే అది గ్యాస్ కాకపోవచ్చు. దారి మార్చిన పేగుల మధ్య సందులో పేగు ఇరుక్కుని ఉండవచ్చు. ఆ రాత్రి సింహాద్రిపురంలోనో మైలవరంలోనో ఉన్న ఇంటి నుంచి ఎవరికి ఫోన్ చేయాలి? ఫోన్ ఎత్తేది ఎవరు? ఆపరేషన్ బాగా చేసే సర్జన్ దొరకవచ్చు. ఈ ప్రశ్నకు పేరూ నంబరూ రాసిచ్చే సర్జన్‌నే మనం ఎంచుకోవాలి.

కెనడాలో క్యుబెక్ నగర వైద్యుల ఉదాహరణ ఇక్కడ చెప్పాలి. పికార్ మార్సో, ఆయన సహచరులు ఈ ఆపరేషన్ చేసిన రెండున్నర వేలకు పైగా రోగులను ఐదు నుంచి ఇరవై ఏళ్ల పాటు వెంబడించి ఫలితాలు ప్రకటించారు. డుయోడెనల్ స్విచ్ మీద ప్రపంచానికి నమ్మకం కుదిరింది ఇలాంటి రికార్డుల వల్లనే. ఆ నమ్మకంలో సగం కత్తిది, సగం ఏటా రోగిని పిలిచి రక్తం పరీక్షించిన ఓపికది. మన దగ్గర కత్తి సగాన్ని తెచ్చుకుని ఓపిక సగాన్ని వదిలేస్తే, పైకప్పు వేయించి గోడలు మరిచిన ఇల్లే అవుతుంది.

మేనల్లుడితో కలిసి పోయినప్పుడు సర్జన్లను మేము అడిగినవి ఇవి. మీరు స్వయంగా డుయోడెనల్ స్విచ్‌లు ఎన్ని చేశారు, నిరుడు ఎన్ని? స్లీవ్‌లూ బైపాస్‌లూ కలిపిన మొత్తం వద్దు, ఇది ఒక్కటే చెప్పండి. వాళ్లలో కుట్లు లీకైనవి, ముప్పై రోజుల్లో మళ్లీ చేరినవి, చనిపోయినవి ఎన్ని? ఐదేళ్లు దాటినవాళ్లలో ఇప్పటికీ మీ దగ్గరికి వస్తున్నది ఎంతమంది? మాంసకృత్తులు పడిపోయి పేగును తిరిగి పొడిగించాల్సి వచ్చినవాళ్లు ఉన్నారా? ఆహార నిపుణులు మీ ఆసుపత్రిలోనే ఉన్నారా, వాళ్లకు తెలుగు వచ్చా? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ మా చెల్లెలికి అదే ముఖ్యం. వంట చేసేది ఆమె.

తిండి ఈ ఆపరేషన్‌లో సగం వైద్యం. రోజుకు 80, 90 గ్రాముల మాంసకృత్తులు లోపలికి పోవాలి. పొద్దున కారం దోశో, ఉగ్గాణీ బజ్జీయో, మధ్యాహ్నం సంగటీ చెనిక్కాయల ఊరుబిండీ, రాత్రి అన్నం చారుతో ఆ లెక్క పూర్తికాదు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. చిన్న గొట్టమైపోయిన పొట్టలో చోటు కొంచెమే. ఆ కొంచెంలో ముందు గుడ్డు, కోడికూర, పప్పు, ఉలవలు, పెరుగు పోవాలి, సంగటి ముద్ద చివరికి రావాలి. పండగ పూట ఓళిగ మీద నెయ్యి పోసుకుని తింటే కడుపు కదిలిపోతుంది, వాసన మనిషిని నలుగురిలో కూర్చోనివ్వదు. ఇవన్నీ ముందే, మన తిండి పేర్లతో చెప్పగల మనిషి ఆ ఆసుపత్రిలో ఉండాలి. మాకు ఒకచోట ఇచ్చిన కాగితంలో ఓట్స్, బ్రకోలీ రాసి ఉన్నాయి. అది చదివి మా చెల్లెలు ఏం వండుతుంది?

జవాబులు రకరకాలుగా వచ్చాయి. ఒకచోట సర్జన్ కన్నా ముందు కౌన్సెలర్ అనే అమ్మాయి మాట్లాడి, ఈ వారంలో చేయించుకుంటే ఖర్చు తగ్గిస్తామంది. అంకెలు అడిగితే 'మా దగ్గర సక్సెస్ రేటు చాలా ఎక్కువ' అన్నారు, ఎంతో చెప్పలేదు. ఇంకోచోట సర్జన్ గారు తన అంకెలు తానే చెప్పారు. తాను చేసిన స్విచ్‌లు కొన్నే అని, వాటిలో ఎవరికి ఏమైందో దాచకుండా వివరించారు. తర్వాత మేనల్లుడిని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఊరు ఎంత దూరం, వంట ఎవరు చేస్తారు, ఖైనీ అలవాటు ఉందా, నెలకు మాత్రలకు ఎంత పెట్టగలరు, ఇప్పుడు వేసుకుంటున్న చక్కెర మాత్రలు ఎన్ని రోజులు మరిచిపోయారు? వాడు నిజం చెప్పాడు. ఆయన కాసేపు ఆలోచించి, "ముందు స్లీవ్ చేద్దాం. ఏడాదిన్నర చూద్దాం. మాత్రలు, పరీక్షలు క్రమం తప్పకుండా ఉంటే, అప్పటికీ అవసరమైతే రెండో అంచె చేద్దాం" అన్నారు. స్లీవ్ అసలు పుట్టిందే డుయోడెనల్ స్విచ్‌కు మొదటి అంచెగా. మరీ బరువున్నవాళ్లకు రెండూ ఒకేసారి చేయడం ప్రమాదమని తోచి విడగొట్టారు. బయటికి వచ్చాక మేనల్లుడు, "మామా, పెద్దది చేస్తానన్నవాళ్లకన్నా వద్దన్నాయనే నాకు నచ్చినాడు" అన్నాడు. వాడు ఆయన దగ్గరే చేయించుకోవాలని నిశ్చయించుకున్నాడు. రోగిని చూసి ఆపరేషన్ తగ్గించగల సర్జన్ దొరికితే ఆ సర్జన్‌ను వదులుకోవద్దని నేను ఎవరికైనా చెబుతాను.

మనకు చట్టం ఇచ్చిన హక్కులు కొన్ని ఉన్నాయి. వాటిని వాడుకోవాలి. రోగి అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. ఈ ఆపరేషన్‌లో ఏ పేగును ఎన్ని సెంటీమీటర్లు వదిలారో రాసిన ఆపరేషన్ నోట్ ఇంట్లో ఉండి తీరాలి. రాత్రిపూట కడపలోనో తిరుపతిలోనో ఇంకో సర్జన్ కడుపు తెరవాల్సి వస్తే ఆయనకు దారి చూపేది ఆ కాగితమే. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం అదే నియమావళి నిషేధించింది. ఎవరైనా ఫలానా ఆసుపత్రికే పొమ్మని గట్టిగా తోస్తుంటే కారణం అడగండి. ఒక ఆపరేషన్‌కు సంతకం తీసుకుని ఇంకోటి చేయకూడదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. ప్రాణాపాయం ఉంటే తప్ప స్లీవ్‌కు చేసిన సంతకం స్విచ్‌కు చెల్లదు. కాగితం మీద ఆపరేషన్ పేరు తెలుగులో చదివించుకుని సంతకం పెట్టండి. బీమా ఉన్నవాళ్లు కూడా ముందే చూసుకోవాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లు నిండి, ఇతర మార్గాలు ఫలించక, బీఎంఐ 40 గానీ, అదుపులో లేని చక్కెర, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బు (స్లీప్ అప్నియా), గుండె జబ్బు వంటివాటితో 35 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఈ ఆపరేషన్‌ను బీమా పరిధిలోకి తీసుకోవచ్చు. ఆపరేషన్ ఖర్చు బీమా ఇచ్చినా జీవితాంతం మాత్రల ఖర్చు ఇంటిదే. దాన్ని లెక్కలో కలపకుండా పొలం అమ్మొద్దు.

2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ సూదిమందులు మన దేశంలోకి వచ్చాయి. అవి కొందరికి ఆపరేషన్ అవసరాన్ని తప్పించవచ్చు, వాయిదా వేయించవచ్చు. సర్జన్ మీతో వాటి గురించి కూడా నిజాయతీగా మాట్లాడాలి. మందులతో తగ్గే అవకాశం ఉన్నవాణ్ణి అదేమీ చెప్పకుండా బల్ల ఎక్కించడం తప్పు.

ఇంత భారం రోగి ఇంటివాళ్ల మీదే వేయడం కూడా న్యాయం కాదు. బరువు తగ్గింపు ఆపరేషన్లు చేసే ప్రతి ఆసుపత్రీ ఏటా ఎన్ని చేసిందో, ఏ రకం చేసిందో, మరణాలు, మళ్లీ చేసిన ఆపరేషన్లు ఎన్నో రాష్ట్ర ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. ప్రభుత్వం ఆ లెక్కను అందరికీ కనిపించేలా పెట్టాలి. కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నెలకు ఒక రోజైనా ఈ రోగులకు ప్రత్యేక ఓపీ నడపాలి. ఆపరేషన్ ఎక్కడ జరిగినా సరే, రక్తపరీక్ష, తిండి సలహా, అవసరమైన విటమిన్ ఇంజక్షన్లు అక్కడ దొరకాలి. పేదవాడికి హైదరాబాదు బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోగొట్టుకోవడం కలిస్తే ఆ ఏడాది పరీక్ష ఎగ్గొట్టడానికి అదే చాలు. మన పల్లెల్లోని ఆర్ఎంపీలకు, 108 సిబ్బందికి, మా మందుల షాపుల వాళ్లకు కూడా ఆ గ్లూకోజ్, బి1 సంగతి, ఆ కడుపునొప్పి సంగతి నేర్పాలి. అది నేర్పడానికి ఒక్క పూట చాలు.

అంతవరకు మన పని మనం చేద్దాం. సర్జన్ దగ్గరికి పోయేముందు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని పొండి. ఇంట్లో వంట చేసే మనిషిని వెంట తీసుకుపొండి. అంకె అడిగితే నొచ్చుకునే డాక్టరుకు దణ్ణం పెట్టి లేచి రండి. ఆ సర్జన్ దగ్గర ఐదేళ్ల కింద చేయించుకుని ఇప్పటికీ పరీక్షలకు వస్తున్న ఇద్దరితో మాట్లాడిస్తారేమో అడగండి. మొదటి ఏడాది పరీక్షల తేదీలు, రాత్రి ఫోన్ నంబరు చీటీ మీద రాసివ్వాలని పట్టుబట్టండి. ఇవి అడగడం డాక్టరును అనుమానించడం అనుకోకండి. తన పని మీద నమ్మకం ఉన్న సర్జన్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. ఇరవై ఏళ్ల పాటు తనతో నడవబోయే రోగి ఎలాంటివాడో ఆయనకు కూడా ఆ ప్రశ్నల్లోనే తెలుస్తుంది.